నాన్నగారి గది ఎలా ఖాళీ చేయాలి?

ప్రశ్న: మాది రాజమండ్రి. నాన్నగారు తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన పోయి రెండేళ్లయింది. పాత వస్తువులంటే ఆయనకు ప్రాణం. స్టాంపుల ఆల్బమ్‌లు, డబ్బాల నిండా నాణేలు, బీరువా నిండా పాత పత్రికలు, ఫౌంటెన్ పెన్నులు, ఆగిపోయిన వాచీలు, రెండు వాల్వు రేడియోలు ఉన్నాయి. ఇవి కాక నాయనమ్మ నాటి ఇత్తడి, కంచు సామాను అటక మీద ఉంది. ఒక తాటాకుల కట్ట కూడా ఉంది. ఇప్పుడు ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇస్తున్నాం. ఆరు నెలల్లో ఖాళీ చేయాలి. అమ్మకు డెబ్బై నాలుగేళ్లు. "నేనుండగా ఒక్క వస్తువు కూడా గడప దాటకూడదు" అంటుంది. డాలస్‌లో ఉన్న తమ్ముడేమో "అన్నీ అమ్మేసెయ్ అక్కా, పూజగదిలో కృష్ణుడి విగ్రహం మాత్రం నాకు పంపు" అంటాడు. ట్రాక్టర్ బొమ్మ ఉన్న పాత అయిదు రూపాయల నోటుకి లక్షలిస్తారని వీడియోలు కూడా పంపుతున్నాడు. ఏది విలువైనదో, ఏది చెత్తో నాకు తెలియదు. అమ్మితే నాన్ననే అమ్మేసినట్టు అనిపిస్తోంది.

ఇంకో సంగతి. మేం ఉండేది హైదరాబాద్‌లో. నాన్న పోయాక నాకూ ఈ అలవాటు పట్టుకుంది. ఆదివారం వస్తే ఎర్రగడ్డ సంతకో అబిడ్స్ పాత పుస్తకాల వరుసలకో వెళ్లి ఏదో ఒకటి కొనుక్కొస్తున్నాను. "మీ నాన్నగారి గది ఇక్కడ కూడా తయారవుతోంది" అంటున్నారు మా ఆయన. ఆ మాటలో కోపం కంటే బాధే ఎక్కువుంది. ఏం చేయమంటారు?

ఒక పాఠకురాలు

సమాధానం: మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. రెండింటికీ మొదటి అడుగు ఒకటే. ఏ వస్తువు చేతిలోకి తీసుకున్నా "ఇది ఎంత పలుకుతుంది?" అని ముందు అడక్కండి. "ఇది ఎవరికి కావాలి?" అని అడగండి. ధర సంగతి ఆ తర్వాత. ధరతో మొదలుపెట్టిన ఇళ్లలో ఏం జరుగుతుందో చాలాచోట్ల చూశాను. ఎవరో వచ్చి ఒక అంకె చెబుతారు. ఇక అందరి మాటలూ ఆ అంకె చుట్టూనే తిరుగుతాయి. పెద్దావిడ లోపలి గదిలోకి వెళ్లి అటు తిరిగి పడుకుంటుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో పని సాగదు.

మీ అమ్మగారు "గడప దాటకూడదు" అంటున్నారంటే మొండితనం అనుకోకండి. ఆయన ఇష్టంగా తెచ్చుకున్నవి ఎవరి పాలవుతాయో అన్న భయం అది. ఎవరి చేతికి వెళుతున్నాయో తెలిస్తే, తనకు నచ్చిన మనిషికి వెళుతున్నాయంటే, చాలామంది అమ్మలు తామే లేచి తీసి ఇస్తారు. అందుకే మొదటి నెల ఏదీ అమ్మకండి. ఆ మాట అమ్మగారికి కూడా ముందే చెప్పండి. ఆవిడ మనసు సగం కుదుటపడుతుంది.

ఆ నెలలో చేయాల్సిన పని వేరే ఉంది. కాగితాలు. ప్రతి పుస్తకం, ప్రతి పత్రిక, ప్రతి ఆల్బమ్ తెరిచి పేజీలు తిప్పి దులపండి. డ్రాయర్లలో అడుగున పరిచిన పేపరు కూడా ఎత్తి చూడండి. ఆ తరం వాళ్లు, అందులోనూ తపాలా శాఖలో పనిచేసినవాళ్లు, ముఖ్యమైన కాగితాన్ని భద్రంగా ఉంటుందని పుస్తకంలోనే పెడతారు. సేవింగ్స్ సర్టిఫికెట్లు, కిసాన్ వికాస్ పత్రాలు, ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు, ఎల్ఐసీ బాండ్లు, పాత షేర్ సర్టిఫికెట్లు, పొలం కాగితాల నకళ్లు ఇలాగే బయటపడుతుంటాయి. గడువు తీరిపోయిందని చింపేయకండి. పదేళ్లుగా ఎవరూ ముట్టని బ్యాంకు డిపాజిట్లు రిజర్వ్ బ్యాంకు నిధికి వెళ్లిపోయినా వారసులు క్లెయిమ్ చేసుకోవచ్చు. నాన్నగారి పేరు మీద అలాంటివి ఉన్నాయేమో చూడటానికి 2023లో రిజర్వ్ బ్యాంకు తెచ్చిన ఉద్గమ్ పోర్టల్ ఉంది. వరసగా ఏడేళ్లు డివిడెండు తీసుకోని షేర్లు ఐఈపీఎఫ్ అనే కేంద్ర ప్రభుత్వ నిధికి వెళతాయి. అక్కడి నుంచీ వెనక్కి రాబట్టుకోవచ్చు. కాస్త తిరగాలి, ఓపిక కావాలి, అంతే. గది మొత్తంలో అన్నిటికంటే ఎక్కువ డబ్బు చేసేది ఇలాంటి ఒక్క కాగితమే కావచ్చు. కిలోల లెక్కన పుస్తకాలు తూకానికి వేస్తే ముందు పోయేదీ అదే.

ఇక అమ్మగారితో కూర్చోవడం. "అమ్మా, ఇవన్నీ ఏం చేద్దాం?" అని గది మొత్తం ఆవిడ ముందు పరిస్తే ఎవరికైనా గుండె జారుతుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక్క డబ్బా తెచ్చి పెట్టండి. ఒకే ఒక్క డబ్బా. "ఇది నాన్న ఎక్కడ తెచ్చారు?" అని అడిగి ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి పక్కన పెట్టండి. ఆవిడ చెబుతున్నప్పుడు చిన్న కాగితం ముక్క మీద రెండు ముక్కలు రాసి దారంతో ఆ వస్తువుకి కట్టండి. ఏ ఊళ్లో ఉద్యోగం చేస్తుండగా కొన్నారు, ఎవరిచ్చారు, ఎందుకు దాచారు. ఆ చీటీ ఉన్న పెన్ను మీ పిల్లలకు తాతగారి పెన్ను అవుతుంది. చీటీ లేకపోతే ఇరవై ఏళ్ల తర్వాత ఎవరికీ తెలియని పాత పెన్నుగా మిగులుతుంది. చెప్పడానికి ఏమీ లేని వస్తువులు కూడా చాలా వస్తాయి. "ఏమో, ఎప్పటిదో" అని ఆవిడే పక్కకు నెడతారు. ఆ పక్కకు నెట్టినవాటితోనే మీ ఖాళీ చేయడం మొదలవుతుంది. మీరు నోరు తెరిచి అడగక్కర్లేదు.

స్టాంపుల విషయంలో ఆశ కాస్త తగ్గించుకోవాలి. 1950ల తర్వాత మన దేశంలో వచ్చిన స్టాంపుల్లో చాలావరకు లక్షల్లో అచ్చయ్యాయి. స్టాంపు విడుదలైన రోజు ముద్రతో వచ్చే ఫస్ట్ డే కవర్లూ అంతే. ఆల్బమ్‌లు ఎన్ని ఉన్నా, వాటికి వచ్చే డబ్బు మీ తమ్ముడు ఊహించినంత ఉండదు. స్వతంత్ర భారతం మొదటి స్టాంపు 1947 నవంబర్ 21న వచ్చింది. జెండా బొమ్మతో, మూడున్నర అణాలది. అది చూస్తే ఒళ్లు పులకరిస్తుంది కానీ అరుదైనదేమీ కాదు. 1948 ఆగస్టు 15న గాంధీజీ బొమ్మతో నాలుగు స్టాంపులు వేశారు. వాటిలో పది రూపాయలది వాడకుండా, వెనక జిగురు చెదరకుండా ఉంటే మాత్రం మంచి ధర ఉంది. దానికి నకిలీలూ అంతే ఎక్కువ. అనుభవం ఉన్నవాళ్లకు చూపించకుండా ఏ నిర్ణయమూ తీసుకోకండి. నిజాం సంస్థానం 1869 నుంచీ సొంత స్టాంపులు వేసింది. అవి ఉంటే వేరుగా తీసి పెట్టండి.

ఇక్కడ ఒక్క జాగ్రత్త. స్టాంపు అతికించి, ముద్ర పడి, ఎవరికో చేరిన పాత కవర్లు, కార్డులు కనిపిస్తే స్టాంపు ఊడదీయకండి. నీళ్లలో నానబెట్టి స్టాంపు విడదీయడం మనం చిన్నప్పుడు నేర్చుకున్న పద్ధతే. కానీ పాత కవరుకి దాని మీది ముద్ర, ఊరి పేరు, తేదీ వల్లే విలువ. తపాలా ఉద్యోగి దాచారంటే అలాంటివి ఉండే అవకాశం ఎక్కువ. గోదావరి ఒడ్డున గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆల్బమ్ పేజీలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. లాగకండి. పేజీల మధ్య బటర్ పేపరు పెట్టి, ఫ్యాను గాలి తగిలేచోట నిలబెట్టి ఉంచండి. సెల్లో టేపు దగ్గరికి రానివ్వకండి. హైదరాబాద్‌లో అబిడ్స్ జీపీఓలో ఫిలాటెలీ బ్యూరో ఉంది. అక్కడ కొత్త స్టాంపులు అమ్ముతారు గానీ మన దగ్గర పాతవి కొనరు. అయితే అక్కడికి వచ్చేవాళ్లలో నిజమైన సేకర్తలు ఉంటారు. స్టాంపులు కొనే వ్యాపారిని వెతికే ముందు వాళ్లతో ఒకసారి మాట్లాడండి. స్టాంపుల పిచ్చి ఉన్న ఒక పదో తరగతి పిల్లాడు దొరికితే సాధారణ ఆల్బమ్‌లు వాడికి ఇచ్చేయండి. వ్యాపారి ఇచ్చే నాలుగు వందల కంటే ఆ పిల్లాడు అమ్మగారికి నమస్కారం పెట్టి ఆల్బమ్ తీసుకెళ్లడం ఆవిడకు ఎక్కువ. ఈ మాట నమ్మి చెబుతున్నాను.

నాణేల దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను. మోసాలు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ముందు తమ్ముడికి చెప్పండి. ట్రాక్టర్ నోటు, 786 నంబరు నోటు, వైష్ణోదేవి నాణెం, వీటికి లక్షలంటూ తిరిగే వీడియోలన్నీ వల. "మీ నోటు ఎంపికైంది, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి, జీఎస్టీ కట్టండి" అంటారు. కట్టాక ఇంకోటి అడుగుతారు. రిజర్వ్ బ్యాంకు పేరు, లోగో కూడా వాడుకుంటున్నారని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో జనాన్ని హెచ్చరించింది. పాత నోట్లు, నాణేల వ్యాపారంతో తమకు సంబంధం లేదని, ఎవరి దగ్గరా ఫీజులు, కమీషన్లు అడగమని స్పష్టంగా చెప్పింది. నాణెం కొనేవాడు మనకు డబ్బిస్తాడు. మన దగ్గర అడిగేవాడు ఎవరైనా సరే, ఫోన్ పెట్టేయండి.

అసలు విలువ ఎక్కడుందో చెబుతాను. డబ్బాలో రాజు, రాణి బొమ్మల రూపాయి బిళ్లలు ఉంటే సంవత్సరం చూడండి. 1939 వరకు వచ్చిన రూపాయి తులం బరువు, అంటే 11.66 గ్రాములు. అందులో వందకు దాదాపు 92 వంతులు వెండి. 1940 నుంచి వెండి సగానికి పడిపోయింది. 1947 రూపాయి పూర్తిగా నికెల్. చూడటానికి అన్నీ ఒకేలా తెల్లగా ఉంటాయి కాబట్టి "అన్నీ కలిపి ఇంత" అనేవాడికి ఎప్పుడూ ఒప్పుకోకండి. అయిదో జార్జి 1911 రూపాయి ఉంటే అది వేరే సంగతి. రాజుగారి వస్త్రం మీది ఏనుగు బొమ్మ తొండం పొట్టిగా వచ్చి పందిలా కనిపించిందని జనంలో అలజడి రేగింది. ప్రభుత్వం వాటిని వెనక్కి తీసుకుని 1912 నుంచి ఏనుగు బొమ్మను సరిచేసింది. అందుకే సేకర్తలకు అది కావాలి. దాని నకిలీలూ బజారులో ఉన్నాయి. 1957లో దశాంశ పద్ధతి వచ్చాక వేసిన నయాపైసలు ప్రతి ఇంట్లోనూ దొరుకుతాయి. వాటికి పెద్ద ధర లేదు. మీ పిల్లలకు నయాపైసల లెక్క చెప్పడానికి ఓ గుప్పెడు ఉంచుకోండి, సరదాగా ఉంటుంది.

ఏ నాణేన్నీ తోమకండి. చింతపండు, నిమ్మకాయ, పీతాంబరి, టూత్‌పేస్టు ఏదీ వద్దు. నల్లబడ్డ పాత నాణేన్ని తళతళలాడేలా తోమితే సేకర్త దాన్ని ముట్టుకోడు. అప్పుడు అది వెండి బరువుకే పోతుంది. మన ఆడవాళ్ల చేతులు నల్లబడ్డ లోహం చూస్తే ఊరుకోవు కాబట్టి అమ్మగారికీ, పనిమనిషికీ కూడా ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.

ఇత్తడి, కంచు గురించి అమ్మగారికి మీకంటే, నాకంటే ఎక్కువ తెలుసు. ఆవిడనే ముందు పెట్టండి. పాత సామాను కొనేవాళ్లు కంచును ఇత్తడిలో కలిపేసి తూకం వేస్తారు. కంచు రాగి, తగరం కలిసినది. ఇత్తడి రాగి, జింకు కలిసినది. కంచుకు ధర ఎక్కువ. వేలితో కొట్టి చూస్తే కంచు ఖంగున మోగి చాలాసేపు పలుకుతుంది. ఇత్తడి మోత తొందరగా ఆగిపోతుంది. అటక మీద నుంచి దింపినవన్నీ మూడు కుప్పలు చేసి, రాగి, ఇత్తడి, కంచు దేనికది ఇంట్లోనే తూకం వేసి కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం చేతిలో ఉంటే "తరుగు" పేరుతో కిలోకి ఎంత కోస్తున్నాడో మీకు అక్కడికక్కడే తెలుస్తుంది. గంగాళాలు, గుండిగలు, పెద్ద కాగులు ఫ్లాట్‌లో పెట్టే చోటు ఉండదు. మరచెంబు, కంచు గిన్నె, ఆవకాయ కలిపిన బేసిన్ లాంటివి ఉంచుకుని వాడండి. ఇత్తడి గిన్నెలో చారు, పులుసు కాచాలంటే లోపల కళాయి పూత ఉండి తీరాలి. పూత పోయి ఉంటే పులుపు తగిలి చిలుము దిగుతుంది. కళాయి వేసేవాళ్లు ఇప్పుడు వీధుల్లో అంతగా తిరగడం లేదు. పాత పాత్రల బజార్లలో అడిగితే దొరుకుతారు.

బీరువాలో నాయనమ్మ పట్టుచీరలు ఉన్నాయేమో కూడా చూడండి. పాత జరీ కొంటాం అంటూ వచ్చేవాళ్లు చీరను కాల్చి వెండి తీసుకుంటారు. ఒకరు చెప్పిన ధరకే ఇవ్వకండి, ఇద్దరు ముగ్గుర్ని అడగండి. చీర చిరిగినా అంచు గట్టిగా ఉంటే కొత్త బట్టకు వేయించి మనవరాలికి పరికిణీ కుట్టించండి. అది అమ్మగారే ముందుండి చేయిస్తారు.

పత్రికల బీరువా మీద నాకు చాలా ఆశ ఉంది. తెలుగు పాత పత్రికలు వరుసగా దాచుకున్న ఇళ్లు తక్కువ. 1924లో మొదలైన భారతి సంచికలు గానీ, 1947 జులైలో మొదలైన చందమామ తొలి ఏళ్ల సంచికలు గానీ ఉంటే వాటిని విడదీయకండి. విడి సంచిక కంటే ఏడాది మొత్తం వరుసగా ఉన్నదానికే పరిశోధన చేసేవాళ్ల దగ్గర, సేకర్తల దగ్గర విలువ. ముందు ఒక జాబితా రాయండి. పత్రిక పేరు, ఏ సంవత్సరం, ఏయే నెలలు ఉన్నాయి, ఏవి లేవు. ఆ జాబితాతో మీ ఊళ్లో గౌతమీ గ్రంథాలయానికి వెళ్లి మాట్లాడండి. బాపట్ల జిల్లా వేటపాలెంలో 1918 నుంచి ఉన్న సారస్వత నికేతనం, హైదరాబాద్‌లో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం, ఇవన్నీ పాత తెలుగు పుస్తకాలకు పేరున్న చోట్లు. వాళ్ల దగ్గర లేని సంచికలు మీ దగ్గర ఉన్నాయేమో జాబితా చూస్తే వాళ్లకే తెలుస్తుంది. అడగకుండా ఆటోలో వేసి తీసుకెళ్లి దింపకండి. వాళ్లకూ చోటు ఇరుకే, ఉన్నవే మళ్లీ వస్తే వాళ్లకు భారం. ఇచ్చేటప్పుడు నాన్నగారి పేరుతో ఒక కాగితం రాసి రసీదు తీసుకోండి. పురుగు పట్టిన సంచికల్ని మాత్రం మిగతావాటితో కలపకండి. ప్లాస్టిక్ కవరులో గాలి చొరకుండా కట్టి కొన్ని రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెడితే పురుగు చస్తుంది. ఎండలో ఆరబెడితే కాగితం పెళుసెక్కి ముక్కలవుతుంది.

తాటాకుల కట్ట విప్పకండి. తాడు పట్టి లాగితే ఎండిన ఆకులు అంచుల్లో విరుగుతాయి. మీ ఊళ్లోనే రాళ్లబండి సుబ్బారావు మ్యూజియం ఉంది, హైదరాబాద్‌లో ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం ఉంది. ఫోటోలు తీసి తీసుకెళ్లి చూపించండి. ఇంట్లో ఎవరూ చదవలేకపోయినా అందులో జాతకాలో, వైద్యమో, ఏదో శతకమో ఉండొచ్చు. నూనె రాయాలన్నా అది తెలిసినవాళ్లు చేయాల్సిన పని. నిమ్మగడ్డి నూనె వాడతారు. వంటింటి కొబ్బరినూనె పూయకండి.

కృష్ణుడి విగ్రహం అమెరికా పంపే మాట మాత్రం వెంటనే ఆపించండి. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం వందేళ్లు దాటిన విగ్రహం, చిత్రం, నాణెం లాంటివి పురావస్తువులు. సాహిత్య, చారిత్రక విలువ ఉన్న రాతప్రతులకైతే 75 ఏళ్లు చాలు. ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించడం నేరం. సూట్‌కేసులో చీరల మధ్య పెట్టుకుని వెళ్లినా అదే చట్టం. లోహ విగ్రహాల్లాంటివి వందేళ్లు దాటినవైతే ఇంట్లో ఉంచుకోవడానికే రిజిస్టర్ చేయించాలి. వయసు మీద అనుమానం ఉంటే కేంద్ర పురావస్తు శాఖకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. పురావస్తువు కాదని వాళ్లు సర్టిఫికెట్ ఇస్తేనే పంపే మాట. అలా కాకుంటే అది అమ్మగారి పూజగదిలోనే ఉంటుంది. పై రూపాయల్లో 1911 నాటిదీ ఇప్పుడు వందేళ్లు దాటినదే, అదీ తమ్ముడికి ఇవ్వొద్దు. ఆయన బాధపడకుండా ఇంకేదైనా ఇవ్వండి. మీ ఊరి రత్నం పెన్ను లాంటిది ఆ డబ్బాలో ఉంటే అంతకంటే మంచిది లేదు. 1930ల నుంచి రాజమండ్రిలో చేత్తో చేస్తున్న పెన్నులవి. అవి ఎక్కువగా ఎబొనైట్ అనే గట్టి రబ్బరువి కాబట్టి వేడినీళ్లతో కడగొద్దు, రంగు వెలిసిపోతుంది. చల్లని మంచినీళ్లతో ఎండిన సిరా వదిలించి, కొత్త సిరా పోసి, దానితో నాలుగు వాక్యాల ఉత్తరం రాసి జతచేసి పంపండి.

తమ్ముడితో గొడవ రాకుండా ఇంకో పని చేయండి. ప్రతి వస్తువు ఫోటో తీసి ఒక వాట్సప్ గ్రూప్‌లో పెట్టండి. అందులో అమ్మ, మీరు, తమ్ముడు, అంతే. "ఫలానా తేదీలోగా ఏది కావాలో చెప్పు" అని గడువు పెట్టండి. నాన్నగారు వీలునామా రాయకుండా పోయి ఉంటే హిందూ వారసత్వ చట్టం కింద ఆయన సొంత ఆస్తిలో అమ్మకు, మీకు, తమ్ముడికి సమాన వాటా ఉంది. వస్తువులకూ అదే లెక్క. అమ్మినవాటి డబ్బు మొత్తం అమ్మగారి ఖాతాలో వేయడానికి ముందే ఇద్దరూ ఒప్పుకోండి. అమ్ముతున్నది మీరైనా, డబ్బు ఆవిడదని తెలిస్తే మీ మీద పడే అనుమానం కూడా ఉండదు.

రేడియోలు ఏళ్ల తరబడి ఆగి ఉంటే ప్లగ్ పెట్టకండి. లోపలి కెపాసిటర్లు పాడై పేలే ప్రమాదం ఉంది, వాల్వు రేడియోల్లో వోల్టేజీ కూడా ఎక్కువే. పాత మెకానిక్‌కి చూపించాకే ఆన్ చేయండి. వాచీల్లో నాన్నగారు రోజూ పెట్టుకున్నది ఒకటి సర్వీసు చేయించి మీ ఆయనకో, అబ్బాయికో ఇవ్వండి. మెకానిక్ "డయల్ కొత్తది వేసేస్తానమ్మా" అంటే వద్దనండి. మరకలున్నా పాత డయలే ఉండనివ్వండి.

కొత్త ఫ్లాట్ ప్లాన్‌లో ఇప్పుడే ఒక గోడ నాన్నగారి పేరిట రాయించండి. అద్దాల అల్మారా, నాలుగు అరలు. అందులో పట్టేవి ఉంటాయి, పట్టనివి కావలసినవాళ్లకు వెళతాయి. ఏవి పెట్టాలో ఎంచేది అమ్మగారు. చోటు ఇంతే అని ముందే తెలిస్తే ఎంచుకోవడం తేలిక. చీకటి గదిలో అట్టపెట్టెల్లో ఉన్నంతకాలం ఆయన సేకరణను చూసింది ఆయన ఒక్కరే. అల్మారాలో పెడితే ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ చూస్తారు. అమ్మితే నాన్నను అమ్మినట్టు అన్నారు కదా. ఆయన ఇష్టం తెలిసి, ఏది ఎవరికి వెళ్లాలో చూసి పంపుతున్న కూతురు ఆయన్ని అమ్మినట్టు ఎలా అవుతుందమ్మా?

ఇప్పుడు మీ ఆదివారాలు. రెండేళ్లుగా మీరు ఆ బజార్లకు వెళుతున్నది వస్తువుల కోసమే అనుకోను. నాన్నగారు బతికుంటే ఏ బండి దగ్గర ఆగేవారో మీరూ అక్కడే ఆగుతున్నారు. ఆయన చూసినట్టే తిరగేసి చూస్తున్నారు. అందులో తప్పేమీ లేదు. అబిడ్స్ పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాల వరుసల మధ్య ఓ పూట నడవడం మనసుకు మంచిది. మానేయమని నేను చెప్పను. ఇంటికి వచ్చేవాటికి మాత్రం అదే ప్రశ్న వేయండి. ఇది ఎవరికి కావాలి? ఇంట్లో ఫలానా మనిషి దీన్ని వాడతారు, ఫలానా అరలో ఉంటుంది అని బండి దగ్గర నిలబడే చెప్పగలిగితే కొనండి. "బాగుంది, ఎప్పుడైనా పనికొస్తుంది" అనిపిస్తే ఫోటో తీసుకుని ముందుకు నడవండి.

కొనేటప్పుడు కళ్లు తెరిచి కొనండి. ఎర్రగడ్డ సంతలో గానీ, గురువారం జుమ్మేరాత్ బజార్లో గానీ పాత హెచ్ఎంటీ వాచీ డయల్ రంగురంగులుగా, కొత్తదానిలా మెరుస్తుంటే అది మళ్లీ పెయింట్ వేసింది. సేకర్తలు వాటిని ముంబై స్పెషల్ అంటారు. చెక్క సామాను కొంటే కింద సన్నటి పొడి రాలుతోందేమో చూడండి. రాలుతుంటే పురుగు ఉన్నట్టే, అది మీ ఇంటి తలుపులకు కూడా పాకుతుంది. హెల్మెట్లు, పాత ప్రెజర్ కుక్కర్లు, వైర్లు చిట్లిన ఇస్త్రీపెట్టెలు ఎంత చవకైనా వద్దు. బిల్లు లేని ఫోన్లు అసలు ముట్టుకోకండి, దొంగసొత్తయితే పోలీసులు మీ ఇంటికే వస్తారు. పుస్తకాలు కొంటే ఇంట్లో అల్మారాలోకి ఎక్కించే ముందు వారం రోజులు విడిగా ఉంచండి.

ఇప్పటికే కొన్నవాటిని రాజమండ్రి పనికి ముందే తేల్చేయండి. ఈ వారమే అన్నీ డైనింగ్ టేబుల్ మీద పెట్టి, మీ ఆయన్ని కూడా కూర్చోబెట్టుకోండి. నాన్నగారికి నచ్చేవి అని కొన్నవి ఏవో, మీకు నిజంగా కావలసినవి ఏవో మీకే తెలుస్తుంది. మొదటి రకంలో ఒకటో రెండో ఉంచుకుని మిగతావి కొన్న బజారులోనే తిరిగి అమ్మేయండి. పెట్టిన డబ్బులో సగం రాకపోయినా సరే. రాజమండ్రిలో ఏది వదలాలన్నా చేతులు ఆడకపోతే ఈ పని కాస్త అలవాటు నేర్పుతుంది. మీ ఆయన మాటలో బాధ ఎక్కువుందని మీరే రాశారు. ఆయన భయపడుతున్నది ఇంట్లో చోటు గురించి కాదేమో, మీరు ఆ గదిలోకి వెళ్లి తలుపేసుకుంటారని కావచ్చు. వచ్చే ఆదివారం అబిడ్స్ ఆయన్ని కూడా తీసుకెళ్లండి. నాన్నగారు ఏ పుస్తకాల కోసం వెతికేవారో దారిలో చెప్పండి. ఇద్దరూ చెరో పుస్తకం, అంతవరకే అని ఇంట్లోనే మాట అనుకుని బయల్దేరండి.